దిన్ జారిన్ హెల్మెట్ ఎందుకు తీయడు: చిన్నమ్మ ఇంట్లో పెరిగినవాడి జవాబు

మీరు అడిగింది ఇది: "స్టార్ వార్స్ లోకంలో నడిచే ద మాండలోరియన్ సిరీస్‌లో హీరో దిన్ జారిన్ చిన్నప్పుడే యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నాడు. అలాంటివాడి కథ అంటే పగ ఉండాలి కదా? హెల్మెట్ తీయను అనే ఒక్క పట్టుదల చుట్టూ మూడు సీజన్లు తిప్పడం అతి కాదా?"

నాకు అతి అనిపించలేదు. ఆ పాత్ర మొత్తంలో నేను వెంటనే నమ్మింది ఆ పట్టుదలనే. నేనూ అమ్మానాన్న లేకుండా పెరిగినవాణ్ణి. నాది యుద్ధం కాదు, రోడ్డు ప్రమాదం. ఇద్దరూ ఒకేసారి పోయారు. మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ, నన్ను హైదరాబాద్ తీసుకొచ్చి రాంనగర్‌లో తన ఇద్దరు పిల్లలతో పాటు పెంచింది. 2020 ఏప్రిల్లో డిస్నీప్లస్ హాట్‌స్టార్ మన దగ్గర మొదలైనప్పుడు లాక్‌డౌన్ నడుస్తోంది. తమ్ముడు (చిన్నమ్మ కొడుకు) పెడితే అతని పక్కన కూర్చుని చూశాను. వాడికి అది తుపాకుల కథ. నాకు మాత్రం వేరేది కనిపించింది. అది చెప్పాలంటే కథంతా చెప్పక తప్పదు కాబట్టి, ఇంకా చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోవడం మంచిది.

మాండలోరియన్లంటే ఆ లోకంలో కవచం, హెల్మెట్ తొడుక్కునే యోధులు. దిన్ పుట్టుకతో మాండలోరియన్ కాదు. క్లోన్ యుద్ధాల కాలంలో వాళ్ల ఊరి మీద డ్రాయిడ్ల (రోబోల) సైన్యం పడుతుంది. ఎర్రటి బట్టల్లో ఉన్న తల్లిదండ్రులు పిల్లాణ్ణి ఎత్తుకుని పరుగెత్తి, ఒక నేలమాళిగలోకి దించి తలుపు మూసేస్తారు. వెంటనే పేలుడు. కాసేపటికి తలుపు తెరుచుకుంటుంది, తెరిచింది ఒక డ్రాయిడ్. అది తుపాకీ ఎక్కుపెట్టేలోపు ఎవరో దాన్ని పడగొట్టి లోపలికి చెయ్యి చాస్తారు. ఆ మనిషి ముఖం పిల్లాడికి కనపడదు. కనిపించేది హెల్మెట్టే. నా ఉద్దేశంలో మీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. అమ్మానాన్నల ముఖాలు మాయమైన చోట, తనని బయటికి లాగింది ఒక హెల్మెట్. దాన్ని ఆ పిల్లాడు జీవితాంతం ఎలా చూస్తాడో ఊహించండి.

ఇదంతా ఒకేసారి చెప్పరు, అది నాకు బాగా నచ్చింది. మొదటి ఎపిసోడ్‌లో ఆర్మరర్ (వాళ్లకి పెద్దదిక్కు లాంటి కమ్మరి) బెస్కార్ లోహాన్ని కాల్చి సుత్తితో కొడుతుంటే, ఒక్కో దెబ్బకీ ఒక్కో ముక్క గుర్తొస్తుంది. పరుగు, పొగ, మూసుకుంటున్న తలుపు. మళ్లీ మూడో ఎపిసోడ్‌లో ఇంకొంచెం. పూర్తిగా తెలిసేది సీజన్ చివర, ఎనిమిదో ఎపిసోడ్‌లో. చిన్నప్పటి దెబ్బ అలాగే గుర్తుంటుంది, వరుసగా కథలా ఉండదు. నాకు ఫినాయిల్ వాసన తగిలితే ఒక ఆస్పత్రి వరండా, అందులో ఒక బల్ల మాత్రం కనిపిస్తాయి. ఆ రోజు మిగతా అంతా ఇతరులు చెబితే తెలిసిందే.

ఇక హెల్మెట్ సంగతి. దిన్‌ని పెంచినవాళ్లు మాండలోరియన్లలో ఒక చిన్న వర్గం. ఒకసారి ప్రమాణం చేశాక మరో ప్రాణి ముందు హెల్మెట్ తీయకూడదన్నది వాళ్ల నియమం. దిన్‌కి మాండలోరియన్లంటే ఇంతే తెలుసు. రెండో సీజన్ మూడో ఎపిసోడ్‌లో బో-కటాన్ ఎదురవుతుంది. ఆమె మాండలోర్ (మాండలోరియన్ల సొంత గ్రహం) రాజవంశంలో పుట్టిన మనిషి. రాగానే, పక్కనున్న ఇద్దరితో సహా, మామూలుగా హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంటుంది. దిన్‌కి ఒళ్లు మండుతుంది, ఈ కవచాలు మీకెక్కడివని నిలదీస్తాడు. ఆమె మాత్రం నువ్వు ఫలానా మతపిచ్చి గుంపు చేతిలో పెరిగినవాడివా అన్నట్టు చూస్తుంది.

నేను ఆ సీన్‌ని మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకి నియమం అంటే భయం ఉండదు. తప్పినా ఇల్లు ఎక్కడికీ పోదని వాళ్లకి తెలుసు. చేరదీసిన పిల్లాడికి ఆ ధైర్యం ఉండదు. వాడు నియమాన్ని ఇంట్లో పుట్టినవాళ్ల కంటే పది రెట్లు గట్టిగా పట్టుకుంటాడు. ఎవరూ అడగకపోయినా సరే.

మా ఇంట్లో అది నీళ్ల దగ్గర జరిగింది. అప్పట్లో మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ తెల్లవారకముందే. వచ్చిన కొద్ది రోజుల నుంచే నీళ్లు పట్టడం నా పని అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. పైపు తగిలించి, డ్రమ్ము నిండాక బిందెలు, బిందెలయ్యాక బకెట్లు, చివరికి వంటింట్లో స్టీలు క్యాను. ఆ వరుస తప్పితే నాకు టెన్షన్. తమ్ముడు, చెల్లి లేచేవాళ్లు కాదు, చిన్నమ్మ తిట్టినా దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాళ్లు. నేను మాత్రం జ్వరం ఉన్నా లేచేవాణ్ణి. అలాంటి ఒక పొద్దున చిన్నమ్మ బయటికొచ్చి నా నుదురు పట్టుకుని చూసి, చేతిలోంచి పైపు లాక్కుంది. "పోయి పండుకో. నీళ్లు మీ బాబాయి పడ్తడు" అంది. వెళ్లి పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. డ్రమ్ములో నీళ్ల చప్పుడు వింటూ, బాబాయి క్యాను మర్చిపోతాడేమో అని గాభరా పడ్డాను.

వాళ్లు నన్ను ఏనాడూ పరాయిగా చూడలేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. భయం వాళ్లు పెట్టింది కాదు. ఇల్లు అనేది ఒక్క రోజులో పోతుందని ముందే చూసినవాడికి, రెండో ఇల్లు తన ప్రవర్తన మీదే నిలబడిందనిపిస్తుంది. దిన్‌లో నేను చూసింది అదే. మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో ఒక పల్లెటూరి ఆవిడ అతనికి భోజనం తెచ్చి, ఇతరుల ముందు చివరిసారి ముఖం చూపించింది ఎప్పుడని అడుగుతుంది. అతను బయట ఆడుకుంటున్న పిల్లల వైపు చూసి, వాళ్ల కంటే కొంచెం పెద్దగా ఉన్నప్పుడు అంటాడు. ఆవిడ వెళ్లిపోయాకే హెల్మెట్ తీసి తింటాడు. తన తల్లిదండ్రులు పోయాక మాండలోరియన్లే తనని చూసుకున్నారని కూడా ఆమెకి చెబుతాడు. ఆ గొంతులో కృతజ్ఞత ఉంది, బరువూ ఉంది. ముఖం కనపడకుండా ఇంత పలికించిన పెడ్రో పాస్కల్ గొంతుకీ, చాలాచోట్ల కవచం తొడుక్కుని నటించిన బ్రెండన్ వేన్, లతీఫ్ క్రౌడర్‌లకీ దండం పెట్టాలి.

పగ సంగతి అడిగారు. పగ కథ కావాలంటే అదే లోకంలో బోబా ఫెట్ ఉన్నాడు. 2002 స్టార్ వార్స్ సినిమాలో తండ్రి జాంగోని మేస్ విండు అనే జెడై యోధుడు చంపడం కళ్లారా చూసిన పిల్లాడు. తర్వాత క్లోన్ వార్స్ యానిమేషన్‌లో విండుని చంపడానికే అంతరిక్ష ఓడలోకి దూరతాడు. తండ్రి ఎవరో, చంపింది ఎవరో, కవచం ఎవరిదో బోబాకి తెలుసు. అతని పగకి ఒక ముఖం ఉంది. దిన్‌కి ఎదురైంది ముఖం లేని యంత్రాలు. కాబట్టి అతని కోపం ఏ మనిషి మీదా కాదు, డ్రాయిడ్ల మొత్తం జాతి మీద. ఓడ బాగు చేయడానికి కూడా వాటిని దగ్గరికి రానివ్వడు. అలాంటివాడికి మొదటి సీజన్ చివర తలకి దెబ్బ తగిలి చావు దగ్గరపడితే, కాపాడేది ఐజీ-11 అనే డ్రాయిడ్. హెల్మెట్ తీయొద్దంటాడు దిన్, ఏ ప్రాణీ తన ముఖం చూడకూడదని. తాను ప్రాణిని కానని చెప్పి అది హెల్మెట్ తీసి గాయానికి మందు కొడుతుంది. ఎన్నో ఏళ్ల తర్వాత అతని ముఖాన్ని చూసింది, అమ్మానాన్నల్ని చంపిన జాతిలోని యంత్రం. ప్రతీకార కథలో ఇంత లోతైన మలుపు దొరుకుతుందని నేను అనుకోను.

ఇక గ్రోగు, దిన్ వెంట తిరిగే చిన్న పిల్లాడు. వాడూ యుద్ధ అనాథే, వయసు యాభై ఏళ్లయినా ఇంకా పసివాడు. జెడై ఆలయం మీద దాడి జరిగిన రాత్రి వాణ్ణి ఎవరో తప్పించారు. దిన్ వాణ్ణి మొదట డబ్బు కోసం పట్టుకుని అప్పగిస్తాడు, దాన్ని మర్చిపోకూడదు. ఓడ నడిపే కర్రకి ఒక వెండి రంగు గుండు ఉంటుంది. గ్రోగు దాన్ని ఊడదీసి ఆడుకుంటుంటే లాక్కుంటాడు. తర్వాత పిల్లాణ్ణి అప్పగించి, కూలీగా వచ్చిన బెస్కార్‌తో కొత్త కవచం చేయించుకుని (అందులో కొంత చేరదీసిన పిల్లల కోసం ఉంచమంటాడు) ఓడ ఎక్కుతాడు. కర్ర పట్టుకుంటే ఆ గుండు లేదు. మళ్లీ బిగిస్తాడు. చెయ్యి ఆగిపోతుంది. ఇంజన్ ఆపేసి, పిల్లాడి కోసం వెనక్కి వెళతాడు. అనాథల కోసం కవచంలోంచి వాటా తీసి ఇవ్వడం అతనికి తెలుసు. ఒక అనాథని తానే ఎత్తుకోవడం అప్పుడే మొదలు.

ఆ తర్వాత అతను హెల్మెట్ తీసే రెండు సందర్భాలూ గ్రోగు కోసమే. ఒకటి, రెండో సీజన్ ఏడో ఎపిసోడ్. పిల్లాణ్ణి ఎత్తుకుపోయిన ఓడ ఎక్కడుందో తెలియాలంటే శత్రువుల స్థావరంలో యంత్రం ముందు ముఖం చూపించాలి. చూపిస్తాడు. ఒక అధికారి వచ్చి పలకరిస్తే మాట పెగలదు, చూపు ఎక్కడ నిలపాలో తెలియదు. ముఖం అంటేనే అలవాటు లేని మనిషి. రెండోది ఆ తర్వాతి ఎపిసోడ్, 2020 డిసెంబర్‌లో వచ్చింది. గ్రోగుని ల్యూక్ స్కైవాకర్ అనే జెడైతో పంపుతూ, వీడ్కోలు చెప్పేటప్పుడు అందరి ముందూ తీసేస్తాడు, గ్రోగు చిన్న చెయ్యి చెంప మీద పెడతాడు. నా ఇల్లు నిలవాలంటే నియమం తప్పకూడదు అనుకున్నవాడు, ఇంకొకడి కోసం ఆ ఇల్లే పణంగా పెట్టాడు. మా తమ్ముడు ఆ సీన్‌లో ల్యూక్ స్కైవాకర్‌ని చూసి కేకలు పెడుతున్నాడు. నేను లేచి బాల్కనీలోకి వెళ్లాను.

పణం అన్న మాట ఊరికే వాడలేదు. బోబా ఫెట్ సిరీస్‌లో 2022లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఆర్మరర్ అడిగితే దిన్ అబద్ధం చెప్పడు, తీశానంటాడు. అయితే నువ్వు ఇక మాండలోరియన్‌వి కాదు అంటుంది. పెంచినవాళ్లే వెలేశారు. 2023 మూడో సీజన్‌లో ఆ తప్పు కడుక్కోవడానికి మాండలోర్ గనుల కింద ఉన్న పవిత్ర జలాల దాకా వెళతాడు. బో-కటాన్ దారి చూపిస్తుంది. చిన్నప్పుడు తనకి అక్కడే వేడుక చేశారట, అది జనానికి చూపించే తంతు అని తేలిగ్గా మాట్లాడుతుంది. దిన్ మాత్రం ఆయుధాలు పక్కన పెట్టి, ప్రమాణం పలుకుతూ నీళ్లలోకి దిగుతాడు. మళ్లీ అదే తేడా. ఆమెకి అది పుట్టింటి తంతు, అతనికి ప్రాణం.

మీ విమర్శతో నేను ఒప్పుకునేది ఈ సీజన్ గురించే. నీళ్లలోంచి బయటపడ్డాక రచయితలు దిన్‌ని పక్కన పెట్టి కథని బో-కటాన్‌కి అప్పగించారు. వెలేసినవాళ్ల మీద అతనికి ఏమనిపించిందో ఒక్క ఎపిసోడ్ కూడా కూర్చుని అడగలేదు. నాకు దాని మీద నిజంగా బాధ ఉంది. పెంచినవాళ్లతో కోపం చెప్పుకోలేకపోవడం అనాథ పిల్లల జీవితంలో చాలా పెద్ద విషయం. అది చేతిదాకా వచ్చి జారిపోయింది.

చివరి ఎపిసోడ్‌లో మాత్రం సరిదిద్దారు. గ్రోగుని శిష్యుడిగా తీసుకోమంటాడు దిన్. పిల్లాడికి ఇంకా మాటలు రావు, ప్రమాణం చెప్పలేడు, అందుకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది ఆర్మరర్. అయితే నేనే దత్తత తీసుకుంటాను అంటాడు. అక్కడి నుంచి వాడు దిన్ గ్రోగు. ఆ పేరు చెప్పినప్పుడు నాకు మా రేషన్ కార్డు గుర్తొచ్చింది. నన్ను తీసుకొచ్చాక బాబాయి ఆఫీసుల చుట్టూ తిరిగి అందులో నా పేరు ఎక్కించాడు. తెచ్చి గూట్లో పెట్టాడు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేను అందరూ బయటికెళ్లినప్పుడు తీసి, చెల్లి పేరు కింద ఉన్న నా పేరు చదువుకునేవాణ్ణి.

మీకు ఓపిక ఉంటే సిరీస్ మొత్తం మళ్లీ చూడక్కర్లేదు. మొదటి సీజన్‌లో 3, 4, 8, రెండో సీజన్‌లో 3, 7, 8, మూడో సీజన్‌లో 2, 8. ఈ వరుసలో చూడండి, హెల్మెట్ తలమీద ఉన్నప్పుడు అతను ఎవరితో మాట్లాడుతున్నాడో గమనిస్తూ. అప్పటికీ అతి అనిపిస్తే కింద రాయండి, ఏ సీన్‌లో అనిపించిందో చెబితే దాని గురించే మాట్లాడుకుందాం.