అమ్మి కట్టేస్తానంటున్న ఆ గిటార్‌ని కొనేదెవరు?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. ఐటీ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. నెలకు చేతికి 92,000 వస్తుంది. ఏప్రిల్‌లో వేరియబుల్ పే ఇంకో 90,000 దాకా ఉంటుంది. నా భార్య ప్రస్తుతం ఉద్యోగం మానేసింది, పాపకు మూడేళ్లు. అమ్మానాన్న నరసరావుపేటలో ఉంటారు. కాలేజీ రోజుల నుంచి గిటార్ వాయిస్తున్నాను. నాది ఎడమచేతి వాటం. షాపుల్లో ఎడమచేతి గిటార్లు ఒకటో రెండో ఉంటాయి, అవీ నచ్చవు. అందుకే బెంగళూరులో సొంత వర్క్‌షాపులో ఒక్కరే ఎలక్ట్రిక్ గిటార్లు తయారుచేసే బిల్డర్‌కి ఆర్డర్ ఇచ్చాను. ధర 3,20,000. ఆగస్టులో 1,10,000 అడ్వాన్స్ కట్టాను. జనవరిలో గిటార్ ఇస్తారు, మిగతా 2,10,000 అప్పుడు కట్టాలి. పర్సనల్ లోన్ మంచిదా, క్రెడిట్ కార్డు ఈఎంఐ మంచిదా? అమ్మ నగల మీద తక్కువ వడ్డీకి గోల్డ్ లోన్ వస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. పెద్ద గిటారిస్టుల గిటార్లు వేలంలో కోట్లకు పోతున్నాయి కదా, దీన్ని పెట్టుబడిగా చూడొచ్చా? మరీ అవసరమైతే అమ్మేసి లోన్ కట్టేస్తాను.

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. ‘అవసరమైతే అమ్మేసి కట్టేస్తాను’ అనే మాట బుల్లెట్ బండి కొన్నవాళ్ల దగ్గర విన్నాను, డ్రోన్ కెమెరా కొన్నవాళ్ల దగ్గర విన్నాను, ఊరవతల ప్లాటు కొన్నవాళ్ల దగ్గరైతే లెక్కే లేదు. గిటార్ విషయంలో వినడం ఇదే మొదటిసారి. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను. వస్తువు కొత్తదే గానీ పొరపాటు మాత్రం పాతదే.

ముందు మీరు పంపిన ఖర్చులు చూద్దాం. అద్దె 22,000, ఇంటి ఖర్చు 30,000, పాప ప్లేస్కూలు 6,500, అమ్మానాన్నలకు 10,000, బండి లోన్ 4,800, పోయినేడు కొన్న ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) మీద నో కాస్ట్ ఈఎంఐ 3,900, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 8,000. మొత్తం 85,200. నెలాఖరుకి మిగిలేది 6,800. (పేరుకే అది నో కాస్ట్. స్టేట్‌మెంట్ ఒకసారి తీసి ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, వడ్డీ మీద వేసిన 18 శాతం జీఎస్టీ ఎంతో చూడండి.)

ఇప్పుడు 2,10,000 పర్సనల్ లోన్. మీ బ్యాంకు 14 శాతం చెప్పిందని రాశారు. రెండేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 10,080 దాకా వస్తుంది, కట్టలేరు. మూడేళ్లకు దాదాపు 7,180, అదీ కుదరదు. నాలుగేళ్లకు 5,740. లోన్ యాప్‌లో ఏళ్ల గీతను పక్కకు జరుపుతూ పోతే నాలుగేళ్ల దగ్గర అంకె మీ 6,800లో ఇమిడిపోతుంది. ‘హమ్మయ్య, సరిపోయింది’ అనిపిస్తుంది. సరిపోయినందుకు మీరు కట్టే వడ్డీ 65,000 పైమాటే. ఆ తర్వాత నెలాఖరుకి మీ ఇంట్లో మిగిలేది 1,060 రూపాయలు. పాపకి జ్వరమొస్తే డాక్టర్ ఫీజు, మందులు, ఒక రక్తపరీక్ష. అంతే, అయిపోయింది.

సేవింగ్స్ ఖాతాలో ఎంతుందో కూడా మీరే రాశారు: 38,000. సిప్ పక్కన పెడితే మీ ఇల్లు నడవడానికి నెలకు 77,200 కావాలి. అంటే రేపు ఉద్యోగం పోతే మీ దగ్గరున్నది సరిగ్గా రెండు వారాల బతుకు. మీ ప్రాజెక్టు మార్చిలో అయిపోతుందని, ఆ తర్వాత పనేదీ ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెడతారేమోనని ఉత్తరంలో ఎక్కడో మధ్యలో, సందర్భవశాత్తూ అన్నట్టు రాశారు. నేనైతే ఆ ముక్కతోనే ఉత్తరం మొదలుపెట్టేవాణ్ని. జనవరిలో లోన్, మార్చిలో బెంచ్, ఇంట్లో ఒకే జీతం, చేతిలో పద్నాలుగు రోజుల ఖర్చు. ఈ నాలుగూ ఒకే కాగితం మీద వరసగా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి.

2020లో విజయవాడ నుంచి ఒక పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్ నా దగ్గరికి వచ్చాడు. ఆ ఏడాది జనవరిలో లోన్ పెట్టి కెమెరా, లెన్సులు, డ్రోన్ కొన్నాడు. అతనిదీ ఇదే ధీమా, అవసరమైతే అమ్మేస్తానని. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, పెళ్లిళ్లు ఆగిపోయాయి. అతను అమ్మకానికి పెట్టిన రోజునే ఊళ్లో మిగతా వీడియోగ్రాఫర్లు కూడా పెట్టారు. మారటోరియం ఇచ్చారు కదా అంటారేమో. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. మనకి డబ్బు కావాల్సిన రోజునే ఎదుటివాడి దగ్గరా డబ్బుండదు. అమ్మి కట్టేద్దామనే ప్లాన్ దెబ్బతినేది అక్కడే.

కెమెరాకైనా పాత సరుకు బజారు ఉంది. మీ గిటార్ సంగతేంటి? మీరు పంపిన ఫొటోలు అన్నీ చూశాను. క్లాంపులు బిగించిన బాడీ, దాని మీద పెన్సిల్ గీతలు, పక్కన కాగితం మీద మీ కొలతలు. ఎడమచేతి వాటానికి కోసిన చెక్క. మీ చేతికి తగ్గట్టు నెక్ (గిటార్ మెడ) మందం. ఇంకా, నెక్ మీది ఫ్రెట్‌బోర్డులో 12వ ఫ్రెట్ (లోహపు గీత) దగ్గర ముత్యపు చిప్పతో పాప పేరు పొదగమన్నారట. చాలా బాగుంది, నిజంగానే. ఒక తండ్రి ఆ గిటార్ కొనుక్కోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తట్టదు. అయితే ఎడమచేత్తో వాయించేవాడు, మీ సంగీతమే నచ్చేవాడు, ఎవరికీ తెలియని బిల్డర్ పనికి లక్షల్లో ఇవ్వగలిగినవాడు, పైగా తన గిటార్ మీద మీ పాప పేరు ఉన్నా ఫర్వాలేదనేవాడు దొరకాలి. అదీ మీకు డబ్బు అవసరమైన వారంలోనే దొరకాలి. ఎన్నాళ్లు వెతుకుతారు?

వేలం మాట కూడా తేల్చేద్దాం. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ 2019లో క్రిస్టీస్ వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లకు పోయింది, నిజమే. మీరు చెప్పిన కోట్లు అలాంటివే. కానీ అది ఏ బిల్డరూ విడిగా కూర్చుని చేసిన గిటార్ కాదు. ఫెండర్ ఫ్యాక్టరీలో తయారైంది, 1970లో ఆయన న్యూయార్క్‌లో ఒక షాపులో కొన్నాడు. ఆ ధరంతా దాన్ని పట్టుకున్న చేతిది. అది మీ పెట్టుబడి వాదానికి సాక్ష్యం ఎలా అవుతుంది? పాల్ రీడ్ స్మిత్ అనే అమెరికన్ బిల్డర్ కూడా మొదట్లో గిటార్లు ఒక్కొక్కటిగా చేతితో చేసి అమ్మినవాడే, 1985లో కంపెనీ పెట్టాడు, ఇప్పుడు పెద్ద పేరు. మీ బిల్డర్ కూడా అంతటివాడు కావాలని నేనూ కోరుకుంటాను. కోరిక మీద ఈఎంఐ కట్టలేం కదా.

కాబట్టి గిటార్‌ని ఖర్చు కాలమ్‌లో రాయండి. ఇష్టమైన ఖర్చు, తప్పేం లేదు. దాంతోపాటు వచ్చే చిల్లర ఖర్చులూ రాయండి: తీగలు, ఏటా సెటప్ (తీగల ఎత్తు, శ్రుతి సరిచేయించడం), గట్టి కేసు. ఏప్రిల్ ఎండకీ ఆగస్టు ముసురుకీ చెక్క కదులుతుంది, నెక్ లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీని సరిచేయించాలి. పెద్ద కంపెనీ గిటార్ అయితే విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడ వారంటీ అంటే ఆ ఒక్క మనిషి ఆరోగ్యం, ఓపిక. బీమా అడగలేదు గానీ ఒక ముక్క: ఇంటి సామాన్లకు ఇచ్చే భారత్ గృహరక్ష లాంటి పాలసీ మామూలు దొంగతనానికి పనికిరాదు, అగ్నిప్రమాదం, వరద లాంటి ఘటన జరిగిన వారంలోపు జరిగే చోరీకే వర్తిస్తుంది. బర్గ్లరీ (దొంగతనం) కవర్ విడిగా అడగాలి. రిహార్సల్‌కి బయటికి తీసుకెళ్తే వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

క్రెడిట్ కార్డు ఈఎంఐకి ఒక్క పేరా చాలు. మీ కార్డు లిమిట్ 2,50,000. ఆంప్ బాకీ ఇంకా ఎనిమిది నెలలు, అంటే 31,200 అందులోనే ఉంది. గిటార్ కూడా దాని మీదే గీకితే మిగిలేది 8,800. ఆసుపత్రిలో అడ్మిషన్ కౌంటర్ దగ్గర నిలబడి కార్డు తీసిన రోజున ఈ అంకె గుర్తొస్తుంది. ఒక్కరే నడిపే వర్క్‌షాపులో కార్డు మిషన్ ఉండకపోతే? కార్డు మీద క్యాష్ తీసి ఇస్తానంటారేమో. వద్దు. వడ్డీ తీసిన రోజు నుంచే పడుతుంది, చాలా కార్డులకు నెలకు మూడు నుంచి మూడున్నర శాతం పైనే.

ఇక అమ్మ నగలు. ఆ సలహా ఇచ్చిన ఫ్రెండ్‌కి ఒక నమస్కారం. వడ్డీ తక్కువే, ఒప్పుకుంటాను. నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది, మీ కంపెనీ ఆరోగ్య బీమా పాలసీలో ఆయన పేరు లేదు. రేపు ఆయనకేమైనా అయితే నరసరావుపేట ఇంట్లో వెంటనే డబ్బుగా మారేవి ఆ నగలే. వాటిని గిటార్ కోసం తాకట్టు పెడతారా? పీఎఫ్ జోలికీ వెళ్లకండి.

తల్లిదండ్రుల్ని కంపెనీ పాలసీలో చేర్చడానికి ఏటా కొన్ని రోజులు విండో తెరుస్తారు, ప్రీమియం మీ జీతంలో పట్టుకుంటారు. హెచ్ఆర్‌ని ఈ వారమే అడగండి. బయట పాలసీ తీసుకుంటే షుగర్ లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు. గ్రూప్ పాలసీల్లో చాలావాటికి ఆ బెడద ఉండదు.

మరి గిటార్ వదిలేసుకోవాలా? అక్కర్లేదు. ఆలస్యం చేయాలి. మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే 2,31,600, ముందు అత్యవసర ఫండ్‌గా పక్కన పడాలి. ఆరు నెలలదైతే నాకు ఇంకా ఇష్టం, మీ పరిస్థితికి మూడుతో మొదలుపెడదాం. ఉన్న 38,000 పోను ఇంకా 1,93,600 కావాలి. సిప్ తాత్కాలికంగా ఆపండి. మామూలుగా ఈ మాట నా నోట రాదు, కానీ రెండు వారాల నిల్వతో ఈక్విటీలో సిప్ చేయడం అంటే మార్కెట్ పడ్డ రోజున నష్టానికి అమ్ముకోవడానికి సిద్ధపడటమే. ఆ 8,000, మిగిలే 6,800 కలిపి నెలకు 14,800. ఈ అక్టోబరు నుంచి మే దాకా ఎనిమిది నెలల్లో 1,18,400. మధ్యలో వేరియబుల్ పే 90,000. మే నెలాఖరుకి ఫండ్ పూర్తవుతుంది. సేవింగ్స్‌లో కొంత, మిగతాది ఎప్పుడంటే అప్పుడు తీయగలిగే ఎఫ్‌డీలో పెట్టండి. ఖాతా మాత్రం వేరే బ్యాంకులో ఉండాలి, దానికి యూపీఐ లింకు చేయొద్దు.

జూన్‌కి ఆంప్ ఈఎంఐ కూడా తీరిపోతుంది కాబట్టి నెలకు 18,700 మిగులుతుంది. పై మార్చికి 1,87,000. ఏప్రిల్‌లో మళ్లీ 90,000. ఆ ఏప్రిల్‌లో బిల్డర్‌కి 2,10,000 ఒకేసారి కట్టినా 67,000 చేతిలో ఉంటుంది. తల్లిదండ్రుల ప్రీమియం ఇందులోంచే పోతుందనుకోండి, అయినా లెక్క తప్పదు. ఆ నెలే సిప్ మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలో బెంచ్ మీదికి వెళ్తే గిటార్ ఇంకా వెనక్కి జరుగుతుంది, ఫండ్ మాత్రం జరగదు.

అంటే బిల్డర్‌ని ఏడాది పైగా ఆగమని అడగాలి. మొహమాటపడకండి. ఇలాంటి చిన్న బిల్డర్ల దగ్గర చాలాసార్లు వెయిటింగ్ లిస్టు ఉంటుంది, మీ పని పక్కన పెట్టి తర్వాతివాళ్లది ముందుకు తెచ్చుకోగలరు. చెక్క ఇంకో ఏడాది ఆరినందువల్ల నష్టమేమీ లేదు. ధర పెంచుతానంటే ఎంతో ఇప్పుడే ఖాయం చేసుకోండి. 20,000 అదనంగా అడిగినా ఆ 65,000 వడ్డీ ముందు అదెంత? ఒప్పుకున్నదంతా మెయిల్‌లో రాయించుకోండి: ఇప్పటిదాకా అందిన మొత్తం, పని ఎంతవరకు వచ్చింది, మిగతాది ఎప్పుడు, వర్క్‌షాపు మూతపడితే అడ్వాన్స్ ఏమవుతుంది. అడ్వాన్స్‌కి యూపీఐ మెసేజ్ తప్ప బిల్లు లేదని రాశారు. 1,10,000కి బిల్లు అడగకపోవడం ఏమిటండీ? మాట తేడా వస్తే మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దానికైనా ఆ కాగితమే కావాలి.

ఆయన అస్సలు ఒప్పుకోకపోతే ఎంత తిరిగి ఇస్తారో అడగండి. కొంత పోయినా సరే. 1,10,000 ఇచ్చేశాను కదా అని ఇంకో 2,10,000 అప్పు చేయడానికి అది కారణం కాకూడదు.

ప్రతి ఆదివారం ఆయన వాట్సాప్‌లో ఫొటోలు పంపుతారని రాశారు. పోయిన వారం ఫొటోలో ఫ్రెట్‌బోర్డు ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే ఆదివారం లోపే ఫోన్ చేయండి. పాప పేరు పొదిగేశాక ఆ నెక్‌ని ఇంకొకరి గిటార్‌కి వాడటం ఆయన వల్ల కూడా కాదు.