కందాబచ్చలి కూర మధుమేహం ఉన్నవారికి పెట్టవచ్చా?

మీ అత్తగారికి మధుమేహం ఉంది కనుక కార్తిక మాసంలో ఆవిడకు కందాబచ్చలి కూర పెట్టవచ్చా, అందులో నిజంగా బలం ఉందా, గొంతు దురద పెట్టకుండా ఎలా వండాలి అని అడిగారు. మాది కోనసీమ. మా అమ్మగారికి కూడా చాలాకాలంగా మధుమేహం ఉంది, ఇంట్లో వంట నేనే చూసుకుంటాను. నా అనుభవంలో తేలినది ఇది: నిరభ్యంతరంగా పెట్టవచ్చు, అయితే కందను అన్నం లెక్కలోనూ, బచ్చలిని కూర లెక్కలోనూ వేసుకోవాలి.

100 గ్రాముల పచ్చి కందలో సుమారు 18 గ్రాముల పిండిపదార్థం, 80 కేలరీల శక్తి ఉంటాయి. అదే బరువు ఆనపకాయ తీసుకుంటే సుమారు 15 కేలరీలు మాత్రమే. కందలో పీచు, పొటాషియం బాగానే ఉన్నాయి కాబట్టి దానిని వట్టి పిండి అని తీసిపారేయలేము, కానీ నిండుగా అన్నం పెట్టుకుని దానిమీద అంత కందకూర వేసుకుంటే పిండిపదార్థాన్నే రెండుసార్లు వడ్డించుకున్నట్లవుతుంది. అందుకని ఆ కూర వండిన రోజున అమ్మగారి కంచంలో అన్నం ఒక గరిటె తగ్గిస్తాను. బచ్చలి సంగతి వేరు. బీటా కెరోటిన్, ఫోలేట్, విటమిన్ సి, మెగ్నీషియం ఇచ్చే ఈ ఆకులో కేలరీలు బహు తక్కువ. పెళ్ళి వంటల్లో ముక్కల మధ్య ఆకును వెతుక్కోవలసి వస్తుంది. మా ఇంట్లో మాత్రం తరిగిన ఆకు కందముక్కలకు రెట్టింపు కనబడేలా వేస్తాను, ఉడికేసరికి అది ఎలాగూ అణిగిపోతుంది.

దురదకు కారణం కందలో ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. అవి సూదుల్లా గొంతులోనూ చేతుల మీదా గుచ్చుకుంటాయి. చేతులకు నూనె రాసుకుని, చెక్కు మందంగా తీసి, ముక్కలను కడిగి, ఉప్పు, పసుపు, చింతపండు వేసిన నీళ్ళలో వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించి ఆ నీళ్ళు వంపేయండి. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం కందకు దురద తక్కువ. కొనేటప్పుడు అడిగి తీసుకోవడం మంచిది.

తరువాత శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకులతో పోపు పెట్టి, అల్లం పచ్చిమిర్చి ముద్ద, బచ్చలి, చింతపండు గుజ్జు వేసి మగ్గనిచ్చి కంద కలపాలి. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే నూనె కొంత ఉండాలి కనుక పోపును పూర్తిగా మానకండి. ఈ కూరకు ప్రాణం ఆవ పెట్టడంలో ఉంది. ఆవాలు, ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు నీళ్ళతో మెత్తగా నూరి, కూర దించి కాస్త చల్లారిన తరువాతే కలపండి. పొయ్యి మీద ఉండగా కలిపితే ముక్కుకెక్కే ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల ఆహారంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలి. అది ఒక్క కూరతో నిండే లెక్క కాదు. కంద లేని రోజుల్లో ఆనపకాయ, బీరకాయ, అరటిదూట పెరుగుపచ్చడి విరివిగా వడ్డించండి. బీరకాయ తొక్కను పారేయకుండా పచ్చడి చేస్తే పీచు దక్కుతుంది. తోటకూరలోని ఇనుము బాగా పట్టడానికి, వేపుడు దించాక నిమ్మరసం పిండండి; భోజనం అవుతూనే కాఫీ, టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు.

మీ అత్తగారికి మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం నా సలహా మారుతుంది. కందలోనూ బచ్చలిలోనూ ఆక్సలేట్లు ఉన్నాయి కాబట్టి వైద్యుణ్ణి అడిగిన తరువాతే పెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని చెప్పినవారికి కూడా ఇదే వర్తిస్తుంది.