టెక్ సందేహాలు: అశోకుడు రోమ్‌ని ఏలితే తప్పా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఆట గురించి ఉన్నాయి. అందుకే ప్రింటర్లు, ఫోన్ బ్యాటరీల సంగతి వచ్చే వారానికి వాయిదా వేసి, ఈ వారమంతా సివిలైజేషన్ ఆటలకే ఇచ్చేస్తున్నాను. చరిత్రలోని ఒక నాయకుణ్ని, ఒక నాగరికతని తీసుకుని రాజ్యాన్ని పెంచుకుంటూ పోయే కంప్యూటర్ ఆటలివి.

ప్రశ్న: సార్, నేను బరంపురంలో ప్లస్ టూ చదువుతున్నాను. సివిలైజేషన్ 7 కొత్తగా మొదలుపెట్టాను. నాయకుడిగా అశోకుణ్ని తీసుకుంటే, నాగరికత దగ్గర మౌర్యులతో పాటు రోమ్, గ్రీసు, ఈజిప్టు కూడా చూపిస్తోంది. ఏది నొక్కినా ఒప్పుకుంటోంది. పైగా యుగం మారగానే మౌర్యులు పోయి చోళులు వస్తున్నారు. ఇది బగ్గా? మా నాన్నగారు పక్కన నిలబడి చూసి "చరిత్రని ఖూనీ చేస్తున్నార్రా" అన్నారు. అసలు అశోకుడికి ఎవరిని జత చేస్తే బాగుంటుంది?

జవాబు: బగ్ కాదు తమ్ముడూ. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఈ ఏడో ఆటలో, దాన్ని తయారుచేసే ఫిరాక్సిస్ కంపెనీ వాళ్లు కావాలనే ఇలా చేశారు. ఆరో ఆటలో నాయకుడికీ నాగరికతకీ ముడి ఉండేది. ఇండియా కావాలంటే గాంధీ, లేదా తర్వాత విస్తరణ ప్యాక్‌లో వచ్చిన చంద్రగుప్తుడు. అంతే. ఏడో ఆటలో ఆ ముడి విప్పేశారు. ఆటని ప్రాచీన, అన్వేషణ, ఆధునిక అని మూడు యుగాలు చేశారు. నాయకుడు మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే ఉంటాడు. నాగరికత యుగానికొకటి మారుతుంది.

కాబట్టి ముందు నాయకుణ్ని ఎంచుకోండి. అతని గుణం మూడు యుగాల్లోనూ మీ వెంట ఉంటుంది. ఆ గుణానికి పనికొచ్చే నాగరికతని ఏ యుగానికి ఆ యుగం వెతుక్కోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. రోమ్ సైన్యం నచ్చిందని రోమ్ తీసుకుని, పక్కన చేతికందిన నాయకుణ్ని పెట్టుకుంటారు. రెండో యుగంలో రోమ్ వెళ్లిపోయాక, మిగిలిన నాయకుడితో ఏం చేయాలో తోచదు.

మీ అశోకుడి సంగతే చూద్దాం. ఆటలో అశోకుడికి రెండు రూపాలున్నాయి. ఒకరు అన్నీ వదులుకున్న అశోకుడు, ఇంకొకరు దండయాత్రల అశోకుడు. రెండో రూపం అన్ని ఎడిషన్లలో ఉండదు, మీకు కనిపించకపోతే కంగారు పడొద్దు. మొదటి అశోకుడి బలం జనం సంతోషం. నగరంలో అవసరానికి మించి ఉన్న ప్రతి 5 సంతోషానికి 1 ఆహారం అదనంగా వస్తుంది. రెండో అశోకుడికి అదే సంతోషం ఉత్పత్తిగా మారుతుంది. అప్‌డేట్లలో ఈ అంకెలు అటూ ఇటూ మారుస్తుంటారు కాబట్టి, మొదలుపెట్టే ముందు నాయకుడి బొమ్మ మీద మౌస్ పెట్టి ఒకసారి చదువుకోండి.

ఇప్పుడు జత. మౌర్యులకు ఆటలో 'ధమ్మ లిపి' అనే శక్తి ఉంది. దానివల్ల దేవతారాధన (ఆటలో 'పాంథియన్' అనే వరం) ఒకటి కాక రెండోది కూడా దొరుకుతుంది, దాన్ని సంతోషం పెంచేలా ఎంచుకోవచ్చు. సంతోషం ఆహారమవుతుంది, ఆహారం జనాభా అవుతుంది. చరిత్ర ప్రకారమూ, ఆట లెక్క ప్రకారమూ కుదిరిన జత ఇది. మొదటిసారి ఆడేవాళ్లకి నేను ఇదే చెబుతాను. రోమ్ బలమంతా యుద్ధంలో ఉంది. వాళ్ల సేనాని అనుభవం సంపాదించే కొద్దీ కొత్త ఊళ్లు కూడా నిలబెట్టగలడు. అన్నీ వదులుకున్న అశోకుణ్ని అక్కడ కూర్చోబెడితే ఆటలో తప్పేం లేదు గానీ, ఇద్దరి శక్తులూ చెరో దిక్కుకి లాగుతాయి. రోమ్ మీద మనసుపడితే దండయాత్రల అశోకుణ్ని తీసుకోండి.

ఒక్క చోట జాగ్రత్త. నేను మొదటిసారి ఆడినప్పుడు ఇక్కడే దెబ్బతిన్నాను. ప్రాచీన యుగం ముగిసేసరికి నాకు నాలుగు నగరాలు, ఆహారం పొంగిపొర్లుతోంది. యుగం మారి తెర తెరుచుకునేసరికి రాజధాని తప్ప మిగతా మూడూ పట్టణాలుగా దిగిపోయి ఉన్నాయి (ఆటలో పట్టణమంటే నగరం కంటే కింది మెట్టు). అశోకుడి ఆహారం లెక్క నగరాలకే గానీ పట్టణాలకి వర్తించదు. ఆహారం ఎందుకు పడిపోయిందో తెలియక గంటసేపు టెన్షన్ పడ్డాను. అందుకే కొత్త యుగంలో చేతికొచ్చే మొదటి బంగారాన్ని, సంతోషం ఎక్కువున్న పట్టణాన్ని మళ్లీ నగరం చేయడానికి వాడండి. సైనికుల్ని తర్వాత కొనుక్కోవచ్చు.

రెండో యుగంలో కొన్ని నాగరికతల మీద తాళం బొమ్మ కనిపిస్తుంది. తాళం మూడు రకాలుగా తెరుచుకుంటుంది. మీ పాత నాగరికత వల్ల, మీ నాయకుడి వల్ల, లేదా మీరు ఆటలో చేసిన పని వల్ల. మౌర్యులుగా ఆడితే చోళులు, చోళుల తర్వాత మొఘలులు తెరుచుకుంటారు. మంగోలియా కావాలంటే గుర్రాల వనరులు మూడు అభివృద్ధి చేయాలి. మీరు ఆడిన తీరే మీకు తర్వాతి దారి తెరుస్తుందన్నమాట. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

ఇక నాన్నగారి మాట. దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను, ఎందుకంటే ఆయన బాధలో న్యాయం ఉంది. మీరుండేది గంజాం జిల్లాలో. బరంపురం నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి తిరిగి రాగలిగేంత దూరంలో, ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. అక్కడి బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారనీ, లక్షా యాభై వేలమందిని పట్టుకుపోయారనీ అశోకుడే చెప్పుకున్న పదమూడో శాసనం మాత్రం అక్కడ లేదు. కళింగలోనే అశోకుడి శాసనాలున్న ఇంకో చోటు, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ లేదు. ఓడిపోయిన జనం కళ్లెదుట ఆ లెక్క చెక్కించలేదు. దాని బదులు కళింగ అధికారుల కోసం వేరే శాసనాలు చెక్కించాడు. "మనుషులందరూ నా బిడ్డలే" అన్న మాట వాటిలోనే ఉంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ బండ ముందు చాలాసేపు నిలబడిపోయాను. అంత దగ్గర్లో పెరిగినవాళ్లకి అశోకుడు రోమ్ జెండా కింద కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది.

కానీ నాయకుడు ఒకచోటివాడూ రాజ్యం ఇంకొకచోటిదీ కావడం చరిత్రకి కొత్త కాదు. మన తెలుగువాళ్లకి అసలే కొత్త కాదు. నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరంలో వేంగి చాళుక్య రాజు. ఆయన కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. తండ్రి వైపు చాళుక్యుడు, తల్లి వైపు రాజేంద్ర చోళుడి మనవడు. అంటే వేంగి నాయకుడు, చోళ నాగరికత! ఆయన కాలంలోనే మన వైపు పూరీ జగన్నాథ ఆలయం మొదలుపెట్టిన గంగరాజు అనంతవర్మ చోడగంగదేవుడు ఉన్నాడు. తల్లి చోళ రాకుమారి. చోడ, గంగ రెండు వంశాలూ పేరులోనే పెట్టుకున్నాడు. ఈ ఇద్దరి సైన్యాలే కళింగ నేల మీద తలపడ్డాయి. నాన్నగారికి ఈ ఇద్దరి కథ చెప్పండి. తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక ఆట మౌర్య, చోళ వరుసలో ఆడండి. కంప్యూటర్ ఆడే ప్రత్యర్థులు కూడా వీలైనంతవరకు చరిత్రకి దగ్గరి నాగరికతనే ఎంచుకుంటారు కాబట్టి, ఆయనకి తెర మీద మరీ వింతలేమీ కనబడవు.

ప్రశ్న: గాంధీగారు అణుబాంబులు వేసేది ప్రోగ్రామ్‌లో జరిగిన పొరపాటు వల్లేనని మా ఫ్రెండ్స్ అంటారు. నిజమా? (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

జవాబు: కాదు. 1991 నాటి మొదటి ఆటలో గాంధీ దూకుడు అంకె 1 ఉండేదనీ, ప్రజాస్వామ్యంలోకి మారగానే అందులోంచి 2 తీసేస్తే అది సున్నా కిందికి పోలేక 255 అయిపోయిందనీ కథ. వినడానికి నమ్మేలా ఉంటుంది, ఎందుకంటే అలాంటి పొరపాట్లు ప్రోగ్రామింగ్‌లో నిజంగానే జరుగుతాయి. కానీ ఆ ఆట రూపకర్త సిడ్ మేయర్ 2020లో వచ్చిన తన ఆత్మకథలో అలాంటి బగ్ ఏదీ లేదని రాశాడు. ఐదో ఆటలో మాత్రం గాంధీకి అణ్వాయుధాల మీద మొగ్గుని చేసినవాళ్లే కావాలని బాగా ఎక్కువ పెట్టారు.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో టీచర్‌ని. బడిలో పిల్లలకి సరదాగా నేర్పుదామంటే మా దగ్గర ఉన్నవి 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్‌లు. ఏడో ఆట నడుస్తుందా? నాయకుల్ని మార్చి ఆడే వీలు పాత ఆటల్లో లేదా?

జవాబు: ఏడో ఆట నడవదు మాస్టారూ. కనీసం 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 20 జీబీ ఖాళీ అడుగుతుంది. ర్యామ్ వేయించినా గ్రాఫిక్స్ దగ్గర ఆగిపోతుంది. దానికోసం డబ్బు ఖర్చు పెట్టకండి.

మీకు సరిపోయేది 2005లో వచ్చిన నాలుగో ఆట. దాని 'బియాండ్ ద స్వోర్డ్' విస్తరణతో కలిపి తీసుకోండి. కస్టమ్ గేమ్ తెరలో 'అన్‌రిస్ట్రిక్టెడ్ లీడర్స్' అని ఒక గడి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే ఏ నాయకుడికైనా ఏ నాగరికతనైనా ఇవ్వొచ్చు. ఏడో ఆటలో అందరూ కొత్తగా చెప్పుకుంటున్న సంగతి ఇందులో ఎప్పుడో ఉంది!

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. స్వభావాలు నాయకుడితో వెళ్తాయి, ప్రత్యేక సైనికుడూ ప్రత్యేక కట్టడమూ నాగరికతతో ఉండిపోతాయి. ఈ ఆటలో అశోకుడికి రెండు స్వభావాలు. ఒకటి పాలన ఖర్చు సగం చేస్తుంది, రెండోది విధానాలు మార్చినప్పుడు అరాచకం రాకుండా కాపాడుతుంది. రోమ్‌కి ప్రిటోరియన్ అనే సైనికుడున్నాడు. మామూలు ఖడ్గధారి బలం 6 అయితే ఇతని బలం 8. రెండూ కలిపితే, గెలిచిన ఊళ్లు ఎన్ని పెరిగినా ఖర్చు కింద నలిగిపోని సామ్రాజ్యం తయారవుతుంది. పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి అశోకుడితో ఇండియా, ఇంకో జట్టుకి అశోకుడితో రోమ్ ఇవ్వండి. 100 టర్న్‌లయ్యాక రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి చూపించండి. మనిషి స్వభావం ఎంతవరకు, చేతికొచ్చిన వనరులు ఎంతవరకు అని వాళ్లే వాదించుకుంటారు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆ వాదన తెలుగులో, ఒడియాలో రెండింట్లోనూ నడిస్తే నాకు ఇంకా సంతోషం. ఎలా జరిగిందో తప్పకుండా రాయండి.

ప్రశ్న: సివిలైజేషన్ 6 కోసం ప్రాచీన కళింగ రాజు ఖారవేలుడు నాయకుడిగా కళింగ మోడ్ (ఆటకి మనం సొంతంగా చేర్చుకునే భాగం) తయారు చేస్తున్నాను. ఫైల్స్ అన్నీ పెట్టాను, మోడ్స్ జాబితాలో పేరు కూడా కనిపిస్తోంది. కానీ నాయకుణ్ని ఎంచుకునే చోట ఖారవేలుడు లేడు. ఏం తప్పు చేశాను? (రాయగడ)

జవాబు: మంచి పని పెట్టుకున్నారు. మీరు పంపిన ఫైల్ చూశాను. 'సివిలైజేషన్‌లీడర్స్' పట్టికలో కళింగకి ఖారవేలుణ్ని సరిగ్గానే జత చేశారు. ఆ పట్టికలో ఒక్కో వరుసలో నాగరికత, నాయకుడు, రాజధాని పేరు ఉండాలి, మూడూ ఉన్నాయి. తప్పు వేరేచోట ఉంది. ఈ ఆటకి రెండు డేటాబేస్‌లు ఉంటాయి. ఒకటి ఆట లోపలిది, మీరు రాసింది దాన్లోకి వెళ్లింది. రెండోది మెనూ తెరలది. ఎంపిక తెర చదివేది ఆ రెండో దాంట్లోని 'ప్లేయర్స్' పట్టికని. అక్కడ ఖారవేలుడి వరుస లేదు కాబట్టి తెరకి ఆయనెవరో తెలియదు. ఇంకో ఫైల్‌లో ఆ వరుస రాసి, మోడ్‌ఇన్ఫోలో (మోడ్ వివరాలుండే ఫైల్‌లో) దాన్ని ఫ్రంట్‌ఎండ్, అంటే మెనూ తెరల విభాగం కింద చేర్చండి. నాయకుడి గుర్తుపేరు రెండు చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. మీరు ఒకచోట 'వి', ఇంకోచోట 'బి' పెట్టారు, అది కూడా సరిచేయండి. ఆ తర్వాతా రాకపోతే లాగ్స్ ఫోల్డర్‌లో 'డేటాబేస్' అనే లాగ్ తెరిచి, ఎర్రర్ అన్న మాట కోసం వెతకండి. ఏ ఫైల్‌లో చిక్కుందో అది చెబుతుంది.

రాజధాని పేరు భువనేశ్వర్ అని పెట్టారు. దాన్ని మార్చమని నా మనవి. భువనేశ్వర్ దగ్గరి హాథీగుంఫా గుహలో ఉన్న ఖారవేలుడి శాసనంలో కళింగనగరి అని స్పష్టంగా ఉంది. ఆయన ప్రత్యేక శక్తి కోసం ఇంకా ఆలోచిస్తున్నానని రాశారు. ఏనుగులతో దాడి బోనస్ అందరూ ఇచ్చేదే. అదే శాసనం చూడండి. పట్టాభిషేకమైన మొదటి ఏడాది ఆయన చేసిన పని, తుఫానుకి కూలిన కోట గుమ్మాలూ గోడలూ ఇళ్లూ బాగుచేయించడం. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి బరంపురంలో తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుకుని కూర్చున్నవాణ్ని నేను. ఆ వాక్యం చదివినప్పుడు రెండు వేల ఏళ్ల కిందటి రాజు మన వీధిలో మనిషిలా అనిపించాడు. 'గ్యాదరింగ్ స్టార్మ్' విస్తరణలో తుఫానులూ వరదలూ ఎలాగూ ఉన్నాయి. విపత్తులో దెబ్బతిన్న కట్టడాల్ని కళింగ సగం ఖర్చుతో బాగుచేసుకోగలిగేలా శక్తి రాయండి. పూర్తయ్యాక ఫైల్ నాకు పంపితే ముందు నేనే ఆడి చూస్తాను.