పిన్ అడగకుండానే పోతున్న డబ్బు

ప్రశ్న: అమ్మగారూ, మా ఆయన లారీ డ్రైవరు, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. బాబు తొమ్మిదో తరగతి. సాయంత్రమైతే నా ఫోన్ వాడి చేతిలోనే. పోయిన నెల రీచార్జి కాక ఖాతాలోంచి ఇంకో 1,298 రూపాయలు పోయాయి. బ్యాంకు పుస్తకంలో 500 రెండుసార్లు, వారం తేడాతో 149 రెండుసార్లు పడ్డాయి. వాణ్ణి అడిగితే ‘నేనేం కొనలేదమ్మా’ అని ఏడుస్తాడు. ఫోన్ ఇవ్వకుండా ఉందామంటే హోంవర్కు వాట్సాప్‌లోనే వస్తుంది. ఏం చెయ్యను?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు బాబును కొట్టకండి, తిట్టకండి. వాడు నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఆ 149 చూస్తే ఆటోపే అనిపిస్తోంది, అంటే ఒకసారి ఒప్పుకుంటే గడువు ప్రకారం ఖాతాలోంచి తనంతట తనే డబ్బు కట్ అయ్యే ఏర్పాటు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ‘నానమ్మా, ఒక్క రూపాయే, పిన్ కొట్టవూ’ అని మనవరాలు అడిగితే కొట్టేశాను. రూపాయి ట్రయల్ అయిపోయాక అసలు ధర పడటం మొదలైంది. పిన్ కొట్టే తెర మీద ఆ మొత్తం రాసే ఉంది, నేను చదవలేదు. బ్యాంకు కౌంటర్లో ఇరవై ఆరేళ్లు పనిచేసినదాన్ని, ఆ రోజు చాలా బాధపడ్డాను. ఆటోపేకి మొదటిసారి పిన్ కొడితే చాలు, ఆ తర్వాత 15,000 రూపాయల లోపు మొత్తాలకు మళ్లీ అడగదు. డబ్బు కట్ అయ్యే ముందు మెసేజ్ వస్తుంది గానీ, పిల్లలు ఆటలో ఉండి దాన్ని పక్కకు తోసేస్తారు. మీరు డబ్బులు పంపే యాప్‌లోనే ‘ఆటోపే’ అని ఉంటుంది. తెరిచి, మీకు తెలియనివన్నీ రద్దు చేయండి. ఆటను ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు, ఆటోపే అలాగే నడుస్తుంది.

500ల సంగతి వేరు. యూపీఐ లైట్ ఆన్ చేసి ఉందేమో చూడండి. చిన్న చెల్లింపుల కోసం ఖాతాలోంచి కొంత డబ్బు ముందే తీసి ఫోన్‌లో పెట్టుకునే చిన్న పర్సు లాంటిది అది. అందులో వెయ్యి లోపు చెల్లింపులకు పిన్ ఉండదు. పైగా బ్యాంకు పుస్తకంలో లైట్‌లోకి డబ్బు వేసిన లైను ఒక్కటే కనిపిస్తుంది, వాడు ఏ రోజు దేనికి ఎంత ఖర్చుపెట్టాడో కనపడదు. ఆ వివరాలు యాప్ హిస్టరీలోనే దొరుకుతాయి. ఆటో టాప్‌అప్ పెట్టి ఉంటే, డబ్బు తగ్గగానే ఖాతాలోంచి తనంతట తనే నింపుకుంటుంది. రెండుసార్లు 500 అందుకే పడి ఉంటుంది. పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో లైట్ వద్దమ్మా. మిగిలిన డబ్బు ఖాతాలోకి వెనక్కి తీసుకుని, దాన్ని ఆపేయండి. పిన్ కూడా మార్చండి. బాబు పుట్టినరోజు మాత్రం పెట్టకండి, పిల్లలు మొదట కొట్టి చూసేది అదే.

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. అడగకుండా కాలర్ ట్యూన్ లాంటి సర్వీసులు అంటగడితే 155223కి ఫోన్ చేసి తీసేయించుకోవచ్చు.

ఇవన్నీ బాబు పడుకున్నాక చేయకండి. కుట్టుమిషన్ పక్కనే కూర్చోబెట్టుకుని, యాప్ హిస్టరీలో ఒక్కో లైనూ వాడి చేతే చదివించండి. బ్యాంకు పుస్తకంలో ఆ లైన్లకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టమనండి. ఒక జాకెట్టు కుడితే మీకెంత వస్తుందో వాడికి తెలుసు. 149 పక్కన అది ఎన్ని జాకెట్లో వాడినే రాయమనండి.