షాక్ కొట్టిందంటే మిషను పాడైనట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. గుండెపోటు వచ్చాక పంపింగ్ 30 శాతమే ఉందని విశాఖలో ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే మిషను) పెట్టారు. మొన్న పెరట్లో బోరు మోటారు దగ్గర ఉండగా ఛాతీలో గుద్దినట్టయి కూలబడ్డారు. కాసేపటికి మామూలైపోయారు. మిషను పాడైందా? ఆయన వెల్డింగ్ షాపుకి మళ్లీ వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: పాడైందని ఇప్పుడే అనుకోకండి. అది చేయాల్సిన పనే చేసి ఉండొచ్చు. ఆ క్షణంలో గుండె ఎలా కొట్టుకుందో ఐసీడీ తనలో రికార్డు చేసుకుంటుంది. ఆసుపత్రిలో ప్రోగ్రామర్ అనే కంప్యూటరుతో చూస్తే కారణం బయటపడుతుంది. ఈ చెకప్ వాయిదా వేయొద్దు.

కాలర్ ఎముక కింద చర్మం లోపల పెట్టిన టైటానియం డబ్బాలో బ్యాటరీ, కెపాసిటర్లు ఉంటాయి. అక్కడి నుంచి రక్తనాళం గుండా వెళ్లిన లీడ్ అనే తీగ గుండె కుడివైపు కింది గదిలో ఆనుకుని, ప్రతి స్పందననూ గమనిస్తుంది. వేగం డాక్టరు పెట్టిన హద్దు దాటితే చాలాసార్లు ముందు నొప్పి తెలియని చిన్న పల్సులతో దారికి తెస్తుంది. లొంగకపోతే కొన్ని సెకన్లలో 700 వోల్టులకు పైగా నింపుకుని షాక్ ఇస్తుంది. ఇది స్టెంటు లాంటిది కాదు, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవదు. కాబట్టి మందులు మానకూడదు.

అనవసరపు షాకులూ ఉంటాయి. లీడ్ విరిగినా, పై గదుల లయ తప్పినా, ఎర్తింగ్ లేని మోటారు నుంచి కరెంటు లీకైనా మిషను పొరబడుతుంది. ఆయన మోటారు ముట్టుకున్నారేమో అడగండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా దాని జోలికి పోనివ్వొద్దు. నీరు పోయే మాత్రలు వాడుతూ విరేచనాలైతే పొటాషియం పడిపోయి నిజంగానే లయ తప్పుతుంది. రక్తపరీక్ష కూడా చేయించండి.

ఒక్క షాక్ కొట్టి, మనిషి బాగుంటే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. 24 గంటల్లో రెండోది కొట్టినా, స్పృహ తప్పినా, ఆయాసం వచ్చినా వెంటనే 108. ఊపిరి ఆగితే మిషనే చూసుకుంటుందని ఎదురుచూడకుండా ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. షాక్ సమయంలో ముట్టుకున్నవారికి మహా అయితే జివ్వుమంటుంది, ప్రమాదం లేదు.

చెకప్ అయ్యేదాకా షాపు వద్దు. తర్వాత కూడా ఆర్క్ వెల్డింగ్ మరొకరు చేస్తే మేలని మా అభిప్రాయం. తప్పదంటే ముందు డాక్టరు ఒప్పుకోవాలి. ఆంపియర్లు తక్కువ పెట్టి, మంట ఛాతీకి కనీసం రెండడుగుల దూరంలో ఉండేలా చూసుకోవాలి. కేబుల్ భుజాన వేసుకోకూడదు, ఎర్త్ క్లాంప్ పని దగ్గరే బిగించాలి. టకటకా వరుసగా టాకాలు వేస్తే మిషను వాటిని గుండె స్పందనలనుకోవచ్చు, అందుకని టాకాకూ టాకాకూ మధ్య పది సెకన్లు ఆగాలి. కళ్లు తిరిగినట్టుంటే హోల్డర్ వదిలేసి దూరం జరగాలి.