గుణదల మాతను కథోలికులు దేవతగా ఆరాధిస్తారా?

లేదు, కథోలిక విశ్వాసంలో ఆరాధన దేవునికి మాత్రమే చెందుతుంది; గుణదల మాతగా పిలిచే యేసు తల్లి మరియమాతకు దక్కేది గౌరవం, ఆమెను అడిగేది తమ తరఫున దేవుణ్ణి ప్రార్థించమని.

దీనికి కారణం కథోలిక సంఘం నమ్మే ఒక విషయంలో ఉంది: పరలోకంలో ఉన్న పునీతులు (సెయింట్లు) భూమిమీది విశ్వాసుల కోసం ప్రార్థించగలరని, వారిలో యేసు తల్లి అగ్రగణ్య అని. అందుకే జపమాలలో పదేపదే పలికే మరియమ్మ ప్రార్థన వరాలివ్వమని కాక, “మా కొరకు ప్రార్థించండి” అనే వేడుకోలుతో ముగుస్తుంది.

విజయవాడ గుణదల కొండపై ఏటా ఫిబ్రవరి 11తో ముగిసే ఉత్సవాలకు వచ్చేవారు తలనీలాలిచ్చి, కొబ్బరికాయలు కొట్టి మొక్కు తీర్చుకుంటారు. హిందువులూ ఎందరో వస్తారు. ఈ మొక్కు పద్ధతులు మన నేల ఆచారాలు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేకుండా కేవలం దర్శనంతో ఎవరి మతమూ మారదు.

ఈ మొక్కులను చూసి విగ్రహారాధన అనుకోవడమే సాధారణమైన అపోహ. గుంటూరులో బలంగా ఉన్న లూథరన్లు సహా ప్రొటెస్టెంట్లు పునీతుల మధ్యవర్తిత్వాన్ని కోరరు, నేరుగా క్రీస్తునే వేడుకుంటారు. ఈ భేదం నిజమైనదే, కానీ ఇరువురూ ఆరాధించే దేవుడు ఒక్కడే.