మస్టరులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు: అమ్మ పింఛను దక్కేదెలా?

ప్రశ్న: మాది ఇల్లెందు. తాత, నాన్న ఇద్దరూ బొగ్గుబావిలో దిగినవారే. కంపెనీ రికార్డులో నాన్న పేరు ఒకటి, ఆధార్‌లోనూ మరణ ధ్రువపత్రంలోనూ మరొకటి. ఆయన పోయాక అమ్మ వితంతు పింఛనుకు దరఖాస్తు చేస్తే పేర్లు కలవలేదని తిప్పి పంపారు. తమ్ముడిని ప్రతివాదిగా చూపి రాజీ డిక్రీ తెచ్చుకుంటే సరిపోతుందని ఒకరు చెబుతున్నారు. ఇంత చాకిరీ చేసిన కుటుంబానికి న్యాయం లేదా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు పేజీలు ఊరి చరిత్రే. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొనడం, 1889లో తవ్వకం మొదలుకావడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడడం, అన్నీ నిజమే. బొగ్గుట్ట అని పిలిచిన ఊరి మీద మీ అభిమానం నాకు అర్థమైంది. కానీ ఇవేవీ కోర్టు అడగదు. అడిగేది ఒక్కటే: మస్టరులో, అంటే కంపెనీ హాజరు పట్టీలో ఉన్న మనిషి, మీ నాన్నగారు ఒక్కరేనా?

బావుల్లో మారుపేరు అంటే రెండు రకాలు. ఇంట్లో ఒక పేరుతో పిలిచే మనిషికి పనిలో చేరిన రోజు మరో పేరు రాశారు, అది మొదటిది. వేరొకరికి వచ్చిన ఉద్యోగంలో వారి పేరు మీదే చేరిపోయారు, అది రెండోది. మీది మొదటిదైతే, రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రకటించమని కోరే దావా నిలుస్తుంది. రెండోదైతే ‘ఇద్దరూ ఒకరే’ అని అమ్మగారి చేత ప్రమాణం చేయించడం ఆమెను అబద్ధపు సాక్ష్యంలోకి నెట్టడమే. వకాలతు మీద సంతకం పెట్టకముందే వకీలుకు నిజం చెప్పండి.

రాజీ డిక్రీ, అంటే ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయని కోర్టు ఇచ్చే డిక్రీ, దాని జోలికి మాత్రం పోవద్దు. నిర్దిష్ట ఉపశమన చట్టం 34వ సెక్షన్ కింద కోర్టు ఇచ్చే ఇలాంటి ప్రకటన (డిక్లరేషన్) ఆ దావాలోని కక్షిదారులను, వారి ద్వారా హక్కు పొందినవారిని మాత్రమే కట్టిపడేస్తుందని 35వ సెక్షన్ చెబుతోంది. మీ తమ్ముడి మీద తెచ్చుకున్న డిక్రీని పింఛను కార్యాలయం పక్కన పెడితే మీరు చేయగలిగింది లేదు. పైగా అన్నదమ్ములు కూడబలుక్కున్నారన్న మచ్చ అసలు దావాకూ అంటుకుంటుంది. కంపెనీని, పింఛను కార్యాలయాన్ని ప్రతివాదులుగా చేర్చే దావా వేయాలి. ఆధార్‌లోనో మరణ ధ్రువపత్రంలోనో పేరు ‘సరిచేయిస్తాం’ అనే దళారులను గడప తొక్కనివ్వకండి. అది ఫోర్జరీ.

ఇక సాక్ష్యం. చెల్లెలి పెళ్లికి 1994లో సొంతూరి రెండెకరాలు నాన్నగారు అమ్మేశారని మీరు బాధగా రాశారు. మీ ఉత్తరం మొత్తంలో కేసుకు పనికివచ్చే వాక్యం అదే. రిజిస్ట్రేషన్ జరిగి ఉంటే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆయన వేలిముద్ర మస్టరు పేరుతో కాకుండా, ఇంట్లో మీరు పిలుచుకునే పేరుతో ఉంటుంది. కార్మికుల వివరాలు రాసే గని ‘బి’ ఫారం రిజిస్టరులో అదే వేలు మస్టరు పేరు పక్కన పడి ఉంటుంది. రెండింటినీ నిపుణుడికి పంపమని కోర్టును కోరవచ్చు. ఆ నివేదిక ముందు వంద నోటరీ అఫిడవిట్లు దిగదుడుపే. పెళ్ల పడి ఎడమ కనుబొమ్మ చిట్లి, బొగ్గు నలుసు చర్మంలో ఉండిపోయి నల్లని గీత మిగిలిందన్నారు కదా, ఆ ప్రమాదం నమోదైన ఆసుపత్రి కాగితం, ఆ గీత కనిపించే ఇంటి ఫొటో కూడా జతచేయండి. ఆయన పింఛను తీసుకున్న పాసుపుస్తకం మీద ఫొటో ఉంటే వదలకండి. గని మూతపడిందని రికార్డు పోయినట్లు కాదు. అమ్మగారి పేరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నకళ్లు అడగండి. ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించవచ్చు. నాన్నగారితో ఒకే షిఫ్టులో దిగిన ఇద్దరు బతికే ఉన్నారన్నారు. వారి వయసు చెప్పి ముందే వాంగ్మూలం నమోదు చేయమని కోరాలి.

మీ మీద నాకు కోపం వచ్చింది గడువు విషయంలో. తిరస్కరణ లేఖ ‘కిందటి దసరాకు ముందటి దసరా రోజుల్లో’ వచ్చిందని రాశారు. తేదీ లేదు, నకలూ లేదు. డిక్లరేషన్ దావాకు లిమిటేషన్ చట్టం 58వ అధికరణ కింద మూడేళ్లే, దావా వేసే హక్కు మొదట తలెత్తిన రోజు నుంచి. అవతలివారు ఆ లేఖ తేదీ నుంచే లెక్కపెడతారు. మారుపేర్ల మీద సర్క్యులర్ వస్తుందని యూనియన్ వాళ్లు చెబితే ఆగామన్నారు. మీరు ఆగారు, గడువు ఆగలేదు. బకాయిల సంగతి ఇంకా కఠినం. పింఛను ఎప్పటికప్పుడు తలెత్తే హక్కే అయినా, ఆలస్యంగా వచ్చినవారికి బకాయిలు సాధారణంగా కోర్టుకెక్కిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితమని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది.

ఫీజుకు భయపడనక్కరలేదు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. అమ్మగారిని వెంటబెట్టుకుని మండల న్యాయసేవల కమిటీకి ఈ వారమే వెళ్లండి. వెళ్లేముందు ఇంట్లో పెట్టెలన్నీ వెతికి ఆ లేఖ బయటికి తీయండి. లేఖ చిరిగిపోయినా కవరు పారేయవద్దు, తపాలా ముద్రలో తేదీ ఉంటుంది.